పన్నెండో వరసలో పేరు

ఉప్పాడ,
14 జూన్ 2025.

దొడ్డమ్మకి వందనాలు.

ఫోన్ చేస్తే నీ చెవి మిషను కుయ్యిమంటుంది. నువ్వు "ఆ, ఆ, సరే" అని పెట్టేస్తావు. నేనేం అడిగానో నీకు తెలియదు, నువ్వు దేనికి సరేనన్నావో నాకు తెలియదు. మెసేజీ పెడితే కళ్లజోడు కనపడలేదంటావు. అందుకే ఇవాళ పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటరులో ఉన్న ముసలయ్యగారు నన్ను ఎగాదిగా చూసి, "ఉత్తరమా అమ్మా? కోర్టు పనా?" అన్నారు. మా దొడ్డమ్మకి అని చెబితే నమ్మలేదు.

ఇక్కడ అందరం క్షేమం. పాప రెండో క్లాసుకి వచ్చింది. నీ అల్లుడు రమేష్ బాబు కాకినాడ షెడ్డులోనే బోట్ల ఇంజన్లు బాగుచేస్తున్నాడు.

నీతో ఒక పని పడింది. మా హెల్త్ సెంటరుకి పై నుంచి కొత్త సర్వే ఫారం వచ్చింది. ఒక్క బిడ్డతో ఆపేసిన వాళ్ల ఇళ్లకి వెళ్లి రెండో బిడ్డ ఎందుకు వద్దనుకుంటున్నారో అడగాలి. వీలైతే కనమని చెప్పాలి. నాలుగు గడులున్నాయి. చదువు ఖర్చు, ఆరోగ్యం, ఉద్యోగం, ఇతరములు. నిన్న ఒకావిడ, "ఇంకొకణ్ణి కంటే ఎక్కడ పడుకోబెట్టమంటారండి? పోయినేడు వెనకగది సముద్రంలోకి పోయింది. ఈ ఏడు వంటిల్లు పోయేలా ఉంది" అంది. దీనికి ఏ గడిలో టిక్కు పెట్టను? ఇప్పటికి ఇతరములు గడి నిండిపోయింది, మిగతా మూడూ ఖాళీ. సూపర్‌వైజరు గారు ఫారం చూసి, "ముందు నీ ఇంటి సంగతి చెప్పమ్మా, నీకూ ఒక్కతేగా" అని నవ్వారు. నేనూ నవ్వేసి వచ్చేశాను.

నువ్వు నర్సమ్మగా తొమ్మిదేళ్లు తిరిగిన వీధుల్లోనే నేనిప్పుడు తిరుగుతున్నాను. అందులో రెండు వీధులు ఇప్పుడు లేవనుకో. అప్పట్లో నువ్వు కనడం ఆపమని చెప్పడానికి ఈ తలుపులే తట్టావు. నాకు ఒకటే కుతూహలం. ఇంత సొంత విషయం పరాయి ఆడమనిషిని ఎలా అడిగేదానివి? నేను గుమ్మం దగ్గర నిలబడి ఫారం తీయగానే వాళ్ల మొహాలు మూసుకుపోతున్నాయి.

నీ తబిత

---

ధవళేశ్వరం,
25 జూన్ 2025.

చిరంజీవి తబితకు దీవెనలు.

పోస్టుమాన్ నీ ఉత్తరం చేతికిచ్చి సంతకం పెట్టమంటాడేమోనని చూశాను. మామూలు ఉత్తరానికి అక్కర్లేదట. అన్నీ మరిచిపోయాం.

గుమ్మం దగ్గర నిలబడి ఫారం తీశావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కాగితం చూస్తే ఎవరైనా ముందు పోలీసో కోర్టో అనుకుంటారు. లోపలికి వెళ్లి కూర్చోవాలి. పీట వేయకపోతే నేలమీద కూర్చో. ఏం కూర వండావని అడుగు. చేప దొరికిందా, లేదా, ఏ చేప, ఎంత పులుసు పోశావు. అది చెప్పేటప్పుడు ఆడమనిషి నిన్ను పరాయిదానిగా చూడటం మానేస్తుంది. ఆ తర్వాత అడగాలి. అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. ఇదే కష్టం. వాళ్లు ఆలోచించుకుంటుంటే మనకి ఆగదు, మనమే జవాబు కూడా చెప్పేస్తాం. నేను చాలామందికి చెప్పేశాను.

మా వీధిలో శ్యాంబాబు గారని ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. నీ ఉత్తరం సంగతి చెబితే ఆయనో మాట అన్నారు. గోదావరి తెచ్చే ఒండ్రూ ఇసకా పైన ఆనకట్టల దగ్గరే ఆగిపోతున్నాయట. సముద్రానికి పోయేది పోకపోతే అది ఒడ్డు కోసుకుంటుందట. "మనం ఇక్కడ రెండు పంటలు తింటున్నామండి, దానికి అక్కడెవరిదో గది పోతోంది" అన్నారు. ఉప్పాడలో హార్బరు గోడలూ అవీ ఇంకా ఏవో కారణాలున్నాయని కూడా చెప్పారు, నాకు సగమే వినపడింది. ఇన్నేళ్లూ మనుషులెంతమందో ప్రతి ఏడూ రాసుకున్నాం గాని, మన్నెంతో ఎవరన్నా రాశారా అని నాకు ఆలోచన వచ్చింది.

పార్సెల్‌లో నా పాత రిజిస్టరు పంపుతున్నాను. తొంభై రెండు, తొంభై మూడు సంవత్సరాలది. పాతకాగితాల కింద అమ్మేస్తుంటే తెచ్చుకుని దాచాను. ఏ ఇంట్లో ఎవరుండేవారో తెలిస్తే నీకు మాట కలపడం సులువవుతుంది.

దొడ్డమ్మ

---

ఉప్పాడ,
9 జూలై 2025.

దొడ్డమ్మకి వందనాలు.

కూర సంగతి అడిగే మంత్రం పారింది. ఇప్పుడు నాకు పదిహేడు రకాల పులుసులు వచ్చు. రమేష్ బాబుకి ప్రాణం సుఖంగా ఉంది.

రిజిస్టరు మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. నీ అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో. 1993 మార్చి 29న కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టారు కదా, ఆ పేజీలో పన్నెండు పేర్లున్నాయి. పదకొండో వరసలో "సువార్త, భర్త టీచరు, మగపిల్లలు ఇద్దరు, ఆపరేషన్ అయినది" అని ఉంది. ఈ ఊళ్లో టీచరు భార్య సువార్త మా అమ్మ తప్ప ఇంకెవరు?

దొడ్డమ్మా, నేను పుట్టింది 1994 ఆగస్టులో.

ముందు నవ్వొచ్చింది. ప్రభుత్వం లెక్కలో పుట్టకూడని పిల్లని ప్రభుత్వమే ఉద్యోగం ఇచ్చి సర్వేకి పంపిందన్నమాట. ఆపరేషన్ ఫెయిలైతే వేరే పేజీలో రాస్తారు కదా, ఆ పేజీ వెతికాను. అందులో ఇద్దరున్నారు, అమ్మ లేదు. తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. అన్నయ్యలిద్దరూ ఉప్పాడలోనే పుట్టారు. మూడో కాన్పుకి అమ్మ రామచంద్రపురం అమ్మమ్మ ఇంటికి ఎందుకు వెళ్లింది? మొదటి కాన్పుకి వెళతారు గాని మూడోదానికి ఎవరు వెళతారు? చిన్నప్పుడు అడిగితే "అక్కడి నీళ్లు బాగుంటాయి" అనేది.

అమ్మ పోయి నాలుగేళ్లయింది, ఆవిణ్ణి అడగలేను. నేను ఫెయిలైన ఆపరేషన్నా, ఇంకేమన్నానా? ఏదైనా నాకు ఇబ్బంది లేదు. తెలుసుకోవాలని ఉందంతే.

నీ తబిత

---

ధవళేశ్వరం,
30 జూలై 2025.

చిరంజీవి తబితకు దీవెనలు.

గోదావరి పెరుగుతోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. హోరు నాకు వినపడదు గాని, వంటింట్లో గిన్నెలు కదులుతుంటే తెలుస్తుంది. మాగాయ పెట్టాను, రమేష్ బాబు ఇటువైపు వస్తే పంపుతాను. ఫణిశ్రీ అని పక్కింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి జాడీ పట్టుకోవడానికి సాయం చేసింది.

మోకాళ్లు మామూలే. పాపకి ముద్దులు.

దొడ్డమ్మ

---

ఉప్పాడ,
17 ఆగస్టు 2025.

దొడ్డమ్మకి వందనాలు.

మాగాయ గురించి రాశావు. నేను అడిగింది మాగాయ గురించి కాదు. అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలని నువ్వే చెప్పావు కాబట్టి ఐదు వారాలు కూర్చున్నాను. ఇవాళ నా పుట్టినరోజు కూడా. ఇంక కూర్చోలేను.

పైగా ఇంకో సంగతి జరిగింది. నీ పేజీలో చివరిది, పన్నెండో వరస, నూకరత్నం. ఆవిడ ఇక్కడే ఉంది. సముద్రం వైపు చివరి ఇల్లు. కొడుకు చేపల వేటకి వెళతాడు, కోడలు లోవకుమారికి నాలుగేళ్ల పిల్లాడు ఒక్కడే. సర్వేకి నాకు కావలసింది లోవ. వెళ్లి కూర్చున్నాను. కూర అడిగాను, కట్టిచేపలట. అంతా బాగానే ఉంది. నీ రిజిస్టరు చూపిస్తే ముసలావిడ సరదా పడుతుందని, "మీ పేరు మా దొడ్డమ్మ పుస్తకంలో ఉందండి" అన్నాను.

ఆవిడ వల అల్లుతున్న చెయ్యి ఆపేసింది.

"నా పేరు పక్కనేం రాసుందమ్మా? నాకు చదువు రాదు."

చదివాను. పిల్లలు ఇద్దరు, ఆపరేషన్ అయినది, అంగీకారం ఇష్టపూర్వకంగా.

"ఇష్టపూర్వకంగా అని రాసుందా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఆ రాసినావిడ బతికే ఉందా?" అంది. ఉందండి, ధవళేశ్వరంలో, అన్నాను. "అయితే ఆవిణ్ణి రమ్మను. ఆవిడొచ్చేదాకా మా కోడలు నీ కాయితానికి జవాబు చెప్పదు. మేమేం చెప్పినా మీరు రాసుకునేది మీరు రాసుకుంటారుగా, ఇంక అడగటం దేనికి?"

లోవ నన్ను వీధి చివరిదాకా దిగబెట్టింది.

నీ పేజీలో చివరి రెండు వరసల్లో ఏం జరిగింది? నా గురించైతే ఊరుకుందును. ఆవిడ మొహం చూసొచ్చాక ఊరుకోలేను. ఇదే వీధుల్లో రేపు నేను మళ్లీ తలుపు తట్టాలి.

తబిత

---

ధవళేశ్వరం,
12 సెప్టెంబరు 2025.

తబితకు,

నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది, చింపను.

ఆ ఏడు మార్చి నెలాఖరుకి నాకు పన్నెండు కేసులు కావాలి. అందరికీ అలాగే లెక్క ఇచ్చేవారు. పదిమంది అయ్యారు. ఆ పదిమందీ నిజంగా ఒప్పుకున్నవాళ్లే, కొంతమంది వాళ్లంతట వాళ్లే వచ్చి అడిగారు. ఆపరేషన్ వల్ల ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్లని నేను చూశాను, ఆ మాట కూడా నువ్వు నమ్మాలి. ఇద్దరు తక్కువ పడ్డారు. ఇద్దరు తక్కువైతే ఇంక్రిమెంటు ఆపుతామనీ, ఏజెన్సీకి బదిలీ చేస్తామనీ మీటింగులో అందరిముందూ అన్నారు.

ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్లాను. సొంత చెల్లెలు, ఇద్దరు మగపిల్లలు, అడిగితే కాదంటుందా అని. అది పిండి జల్లిస్తూ, "ఒక్క ఏడాది ఆగక్కా. నాకు ఆడపిల్ల కావాలనుంది. ఆలోచించుకుని చెబుతాను" అంది. దాని మొహం చూసి నాకు మనసొప్పలేదు. క్యాంపు లిస్టులో పేరు మాత్రం రాయించాను. మనిషి రాలేదు. ఆ గందరగోళంలో తలలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ ఏడు చివర్లో నువ్వు కడుపున పడ్డావు. ఈ ఊళ్లో కంటే నా ఉద్యోగం పోతుందని అమ్మమ్మ దగ్గరికి పంపేశాం. నువ్వు పుట్టాక అది కాకినాడలో నిజంగానే చేయించుకుంది. నా పుస్తకంలో రాయడానికి అప్పటికే గడి నిండిపోయింది. నువ్వు ఫెయిలైన ఆపరేషన్ కాదు. మీ అమ్మ ఆలోచించుకుని, కావాలనుకుని కన్న పిల్లవి.

ఇక పన్నెండోది.

మీ అమ్మ ఇంట్లోంచి వచ్చి, తిన్నగా నూకరత్నం ఇంటికే వెళ్లాను. ఇరవై రెండేళ్లుంటాయేమో. చంకలో ఏడాది పిల్ల. మొగుడు వేటకి వెళ్లి నాలుగు రోజులయింది. ఆ అమ్మాయి కూడా, "ఒక్క ఏడాది ఆగండి నర్సమ్మగారూ, పిల్ల పాలు మానేశాక ఆలోచించుకుని చెబుతాను" అంది. అదే మాట. ఒకే రోజు, రెండిళ్లలో. పిల్లకి టీకా వేయిస్తానని చెప్పి జీపు ఎక్కించాను. కాగితం మీద వేలిముద్ర వేయించాను. క్యాంపులో బల్ల మీద పడుకోబెట్టాక చెప్పాను. అది లేవలేదు, ఏడవలేదు. నా వంక చూసింది. పిల్లని నేను ఎత్తుకుని ఉన్నాను కదా, అందుకని లేవలేకపోయిందేమో.

చెల్లెలి మాట విన్నాను, దాని మాట వినలేదు. నా చెల్లెలు కాదు కాబట్టి. ఇంకో కారణమేదో ఉందని నాకు నేను చెప్పుకుని ముప్ఫై రెండేళ్లు గడిపాను, లేదు. ఆ ఏడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చిన్నప్పుడు నువ్వు మా ఇంటికొస్తే గట్టిగా చదివేదానివి, గుర్తుందా?

మరిచిపోయి ఆ రిజిస్టరు పంపాననుకోకు. కట్టు మూడుసార్లు విప్పి ఆ పేజీ చూసి మళ్లీ కట్టాను. నువ్వు అడుగుతావని పంపాను. అడిగాక భయమేసి మాగాయ గురించి రాశాను.

దేవకుమారి

---

ఉప్పాడ,
2 నవంబరు 2025.

దొడ్డమ్మకి,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఏమనుకున్నావో. కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. నేనున్నది నీ అబద్ధం వల్లే అని తెలిసి కూడా కోపం పోవడం లేదు. పాపకి జడ వేస్తుంటే అమ్మ పిండి జల్లించడం కళ్లముందు కనపడుతుంది, వెంటనే ఆ జీపు కనపడుతుంది.

తుపాను వెళ్లి నాలుగు రోజులయింది. మేం బాగానే ఉన్నాం. సముద్రం వైపు వీధివాళ్లందరినీ స్కూల్లో పెట్టారు. నూకరత్నం ఇంటి ముందుగది పోయింది. స్కూల్లో ఆవిడకి బీపీ చూస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మీ దొడ్డమ్మకి చెప్పావా?" అంది. చెప్పానన్నాను. ఏమందని అడిగితే నీ ఉత్తరం ఆవిడకీ లోవకీ చదివి వినిపించాను. నిన్ను అడగకుండానే. తప్పయితే తప్పే.

"నా చెల్లెలు కాదు కాబట్టి" అని నువ్వు రాసిన దగ్గర ఆవిడ తల ఊపింది. ఉత్తరం అయ్యాక, "వీధి ఉండగా రమ్మను" అంది.

నెలాఖరులోపు రా. బస్సు దిగేచోట నేనుంటాను.

తబిత

---

ధవళేశ్వరం,
7 డిసెంబరు 2025.

చిరంజీవి తబితకు దీవెనలు.

బస్సు ఎక్కిస్తూ ఏం జరిగిందని అడిగావు, నేను చెప్పలేదు. నన్ను ఒక్కదాన్నే వెళ్లనిచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డావు, నీకు చెప్పకపోతే ఎలా? బస్సులో జనం మధ్య నేను మాట్లాడితే ఊరంతా వింటుందని ఊరుకున్నాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదని మీరందరూ అనుకుంటారు గాని తెలుసు.

ఇంటి ముందు గది లేదు కదా, గుమ్మం లేదు. ఎక్కడ ఆగాలో తెలియలేదు. నూకరత్నం తిరగేసిన తెప్ప మీద కూర్చుని ఉంది. తెల్లజుట్టు వచ్చినా ఆ కళ్లు గుర్తుపట్టాను. క్షమించమని అడగాలని బస్సులో అంతా మాటలు కూర్చుకున్నాను. నోరు తెరిచేలోపు అది చెయ్యి అడ్డం పెట్టింది. తెప్ప మీద పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

ఏం కూర అని అడిగాను. ఇంక నాకేమీ తోచలేదమ్మా. అది నవ్వింది. జెల్లచేపలట.

తర్వాత ఏదో అంది. వినపడలేదు. లోవ వచ్చి నా చెవి దగ్గర చెప్పింది. "క్షమాపణలు వద్దంటోందండి. ఇద్దరే చాలని తనూ అనుకున్నదేనంట. ఆ ఏడాది గడిచాక తనే వచ్చి చేయించుకునేదంట. మీరు అడగలేదు, అదే. ఇప్పుడు అడగమంటోంది."

ఇప్పుడేం అడగనని నేనంటే, "అప్పుడు అడగాల్సిందే అడగమంటోంది" అంది లోవ.

నాకు డెబ్బై ఒకటి, దానికి యాభై నాలుగు. ఎదురుగా సముద్రం. పక్కిళ్లవాళ్లు అప్పటికే చుట్టూ చేరారు. అడిగాను. "నూకరత్నం, నీకు పిల్లలిద్దరు. ఆపరేషన్ చేయించుకోవడం నీకు ఇష్టమేనా?" నా గొంతు సంగతి తెలుసుగా, వీధి మొత్తానికి వినపడి ఉంటుంది. ఎవరూ నవ్వలేదు.

అడిగాక నోరు మూసుకుని కూర్చున్నాను. అది వల తీసుకుని అల్లడం మొదలుపెట్టింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, ఎండ నా ఒడిలోంచి కాళ్ల మీదికి దిగింది. జవాబు నేనే చెప్పేయాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్పలేదు.

చివరికి తల ఎత్తకుండానే ఏదో అంది. లోవ మళ్లీ నా చెవి దగ్గరికి వంగింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు.

"ఒక్క ఏడాది ఆగమంటోందండి. ఆలోచించుకుని చెబుతుందంట."

సరే అన్నాను. టీకొట్టు దగ్గర నిన్నడిగి తీసుకెళ్లిన రిజిస్టరు తెరిచి "ఇష్టపూర్వకంగా" అన్నది కొట్టేశాను. దాని స్థానంలో ఇంకా ఏమీ రాయలేదు. ఆ పుస్తకం అక్కడే, దాని దగ్గరే ఉంచి వచ్చాను.

లోవ నీ ఫారానికి జవాబు చెబుతుందట. పెన్ను మూత తీయకుండా వచ్చి ముందు కూర్చోమంది. ఇతరములు గడి చాలకపోతే వెనకవైపు రాయి, కాగితానికి రెండు వైపులుంటాయి. నీ ఇంటి ఫారంలో ఏం రాస్తావో నేను అడగను. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పు.

వచ్చే డిసెంబరుకి నేను మళ్లీ రావాలి. అప్పటికి ఆ వీధి లేకపోతే వాళ్లని ఎక్కడికి మార్చారో కనుక్కుని ఉంచు.

దొడ్డమ్మ